బావ అండ

వేసవి సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన చెల్లెలు మంజులకు, ఆమె భర్తకు ఊళ్లు చూపిస్తున్నారు సువర్ణ దంపతులు. నిన్న గద్వాల కోట చూశారు. ఈరోజు వనపర్తి నుంచి బీచుపల్లికి వచ్చారు.

మోకాళ్ల లోతు కృష్ణలో నిలబడి మంజుల పడవ నడిపే మనిషితో ఏదో మాట్లాడి నవ్వింది. అంతే, భర్త ఆమె జుట్టు పట్టి వంచి, మొహం నీళ్లలో ముంచాడు. ఆమె చేతులు కొట్టుకుంటున్నా వదల్లేదు.

సువర్ణ కేక పెట్టగానే ఒడ్డున ఉన్న ఆమె భర్త ఒక్క ఉదుటున నీళ్లలోకి దూకాడు. మంజులను విడిపించి, తోడల్లుణ్ణి ఒడ్డుకు ఈడ్చి, రాళ్ల మీద పడేసి పిడికిళ్లతో గుద్దాడు. ముక్కు పగిలి చొక్కా నిండా రక్తం కారింది.

"ఆడమనిషి మీద చెయ్యి లేపుతవారా? సంపుత నిన్ను!"

జనం అడ్డుపడితే గాని ఆగలేదు. "మంచి పని చేసినవన్నా" అని ఎవరో అతనికి తాగడానికి నీళ్లిచ్చారు.

మంజుల దగ్గుతూ అక్కను కరుచుకుంది. "నేనింక ఆయనెంట పోనక్కా. మీ ఇంట్లనే ఉంట. బావ ఉంటే నాకు భయం లేదు."

సువర్ణ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. వెనక నుంచి భర్త పిలుస్తున్నా ఆగకుండా రోడ్డు వైపు నడిచింది.

"మా ఇల్లు వద్దు చెల్లె. ఇద్దరం అయిజకు, అమ్మ దగ్గరికే పోదాం."

"గదేందక్కా? బావ గింత మంచోడు..."

"బావ దెబ్బ ఎట్లుంటదో మీ ఆయనకు ఇయ్యాల తెలిసింది. నాకు పెండ్లయిన కాన్నుంచి తెలుసు."