నోరు మూయించిన కమాండ్

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ప్రోగ్రామరుకి కాలు నిలవడం లేదు.

పాత యంత్రంలోని స్కాన్‌లన్నీ కొత్తదానిలోకి కాపీ చేసి, సాయంత్రంలోగా పాతదాన్ని తుడిచేయాలి. పై అంతస్తులో వాళ్ళమ్మ ఉంది. తెల్లారితే ఆమె తలకు ఆపరేషన్. ఆమె పాత స్కాను కూడా ఆ యంత్రంలోనే ఉంది.

"కాపీకి లైబ్రరీ ఫంక్షన్ వాడరా. ఒక్క ఫైలు తేడా వచ్చినా ఆగి చెప్తుంది," అంది పక్క సీటు అక్క.

"దానికి బోలెడు రాయాలక్కా. సిస్టమ్ కమాండ్‌కి అప్పజెప్తే ఒక్క లైనుతో పోతుంది."

గుమ్మం పక్క కుర్చీలో ఎవరో పెద్దాయన. ప్రయాణంలో నలిగిన చొక్కా, ఒళ్ళో సంచీ. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో!

"పని జరక్కపోతే ఆ కమాండ్ చెప్తుందా బాబూ?"

"చెప్తుందండీ. ఊరికే సొద పెడుతోందని నేనే నోరు మూయించాను," నవ్వాడు ప్రోగ్రామరు.

పెద్దాయన నవ్వలేదు.

"తుడిచే ముందు ఒకటి తెరిచి చూపిస్తావా? నాకు కావలసింది ఒకటుంది."

"కాపీలు కింద కౌంటర్లో ఇస్తారు. ఇక్కడ కూర్చోకూడదు, లేవండి."

ఆయన తెరవైపు కాసేపు చూసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కాపీ అయ్యాక ప్రోగ్రామరు చేతికందిన రెండు ఫైళ్ళు తెరిచి చూశాడు. నిక్షేపంలా ఉన్నాయి. పాత యంత్రం తుడిచేశాడు.

తెల్లారగానే నర్సు ఫోన్ చేసింది.

"మీ అమ్మగారి పాత స్కాన్ పంపండి. పై ఊరి నుంచి వచ్చిన సర్జన్‌గారు గడ్డ ఎటు పాకుతోందో కొత్తదాని పక్కన పెట్టి చూశాకే ఎక్కడ కోయాలో తేల్చుకుంటారట. మత్తు ఇచ్చేశాం, త్వరగా!"

వెతికాడు. మళ్ళీ వెతికాడు. లేదు.

ఫైళ్ళన్నిటికీ నంబర్లే పేర్లు. అమ్మదానికి మాత్రం, చటుక్కున దొరకాలని, ముద్దుగా తనే 'అమ్మ స్కాన్' అని పేరు మార్చాడు. మధ్యలో ఖాళీ. కమాండ్ దాన్ని 'అమ్మ' ఒకటి, 'స్కాన్' ఒకటి, రెండు ఫైళ్ళనుకుంది. రెండూ కనబడక, తన దారిన తాను పోయింది. కనబడలేదని చెప్పే ఉంటుంది పాపం.

పడుతూ లేస్తూ ఆపరేషన్ గది దాకా పరుగెత్తాడు.

"డాక్టరుగారూ!"

లోపలికి వెళ్ళబోతున్న సర్జన్ ఆగి వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడైనా తెరిచి చూపిస్తావా బాబూ?" అన్నాడు, నిన్న గుమ్మం పక్క కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయిన పెద్దాయన.