బొల్లెకె మెడలో దీపాలు

"రెండో డోసు ఇవ్వక తప్పదు" అన్నాడు డాక్టర్ మూర్మన్, రక్తపరీక్ష కాగితం బల్లమీద పెడుతూ.

"అవసరం లేదండీ" అంది సాస్కియా. "మొదటి డోసుకే మా బొల్లెకెకి నయమైపోయింది."

"నయమైన పిల్లి ఇలా ఉండదమ్మా."

గెంట్ ఊళ్లో బొల్లెకె అంటే చిన్న ఉండ అని. బుట్టలో కూర్చున్నది మాత్రం ఉండ కాదు, ఊచ. వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు. ఎంత పెట్టినా తింటుంది, తెల్లారకముందే లేచి ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. మెడలోని థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందని చలికాలంలో ఇక్కడే దాని జోరు తగ్గించే రేడియో అయొడిన్ సూది వేశారు. చక్కగా ఒళ్లు చేసింది. మార్చిలో సాస్కియాకి పెళ్లయింది. జూన్ వచ్చేసరికి బొల్లెకె మళ్లీ మొదటికొచ్చింది.

"నేనొచ్చానని కుళ్లుకుని చిక్కిపోతోంది డాక్టర్ గారూ" అన్నాడు వన్నెస్, ఆవలింతని అరచేత్తో మూసుకుంటూ. బయట ఎండ కాస్తుంటే అతను ఉన్ని స్వెట్టర్ తొడుక్కొచ్చాడు. పెళ్లినాటి చొక్కాకి గుండీలు పట్టడం మానేశాయి. కొత్త కాపురం మొగుడి ఒంటికి పట్టిందని సాస్కియా తెగ మురిసిపోతోంది.

మూర్మన్ నవ్వలేదు. "ఈసారి డోసు పెద్దది. మళ్లీ వారం పాటు సీసపు గోడల గదిలో ఒంటరిగా ఉండాలి. పదిహేనేళ్ల పిల్లి, కిడ్నీలు కూడా అంతంతమాత్రం. తట్టుకుంటుందని మాటివ్వలేను. అలాగని వదిలేస్తే గుండె ఆగిపోతుంది."

సాస్కియా బుట్టలోకి చెయ్యి పెట్టి బొల్లెకె గడ్డం కింద నిమిరింది. "రోజూ ఇక్కడ నిమిరేది నేను. గడ్డ లేదు, గింజ లేదు. ముందు చలికాలంలో తీసినట్టు మెడ ఫోటో తీయండి. మెడలో దీపం వెలిగితే మీ మాట. వెలక్కపోతే నా మాట."

"రక్తంలో హార్మోను ఇంత ఎక్కువుందని కాగితం చెప్తున్నా అంత ధీమానా?"

"మా ఆవిడ అంతేనండీ" అన్నాడు వన్నెస్. "వానలో కూడా గొడుగు తీసుకోదు. అదే ఆగిపోతుందంటుంది."

"ఆగింది కదా, మన పెళ్లిరోజు?" అంది సాస్కియా. అతను ఒప్పుకోక తప్పలేదు.

గ్రంథి పనిచేస్తుంటే ఫోటోలో వెలిగే మందు బొల్లెకెకి చిన్న సూదితో ఎక్కించి, కాస్త మత్తిచ్చి, కెమెరా మీద బోర్లా పడుకోబెట్టారు. ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. ఒక పక్క చలికాలం నాటి ఫోటో ఉంది. చీకటి మెడలో రెండు దీపాలు భగభగ మండుతున్నాయి. దాని పక్కన కొత్త ఫోటో చుక్కలు చుక్కలుగా పేరుకుంటూ వచ్చింది. దవడల దగ్గర లాలాజల గ్రంథులు మిణుకుమిణుకుమన్నాయి. మెడ దగ్గర ఏమీ లేదు. వట్టి చీకటి.

మూర్మన్ కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. "గ్రంథి నిద్రపోతోంది" అన్నాడు చివరికి. "ఇంత నిద్రలో ఉన్నది అంత హార్మోను తయారుచెయ్యలేదు. మీ మాటే నెగ్గింది. రెండో డోసు అక్కర్లేదు."

సాస్కియా మొగుడి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. మంచుముక్కలా ఉందా చెయ్యి. "చెప్పానా?"

"మరి రక్తంలోకి అదంతా ఎక్కణ్నుంచి వస్తోంది?" అన్నాడు వన్నెస్.

"నోట్లోంచి. వేరే దారి లేదు. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్రలు వాడతారా?"

"ఈయనే" అంది సాస్కియా. "బొల్లెకెకి తిరగేసిన జబ్బు ఈయనది. దానికి గ్రంథి ఆత్రం, ఈయనకి గ్రంథి బద్ధకం. కానీ మాత్రలు నా బీరువాలో ఉంటాయి డాక్టర్ గారూ. పిల్లికి అందవు."

"వేసుకునేటప్పుడు కింద పడేసుకుంటారేమో."

"ఈయన చేతికిస్తే కదా పడెయ్యడానికి. రోజూ మర్చిపోయేవాడు. పెళ్లైన మర్నాడే చెప్పేశా, ఇక నీకెందుకు, నీకు తెలీకుండానే నేను మింగిస్తానని." ఆమె మొహం వెలిగిపోయింది. "మూడేళ్లు బొల్లెకెకి మాత్రలు మింగించిన చెయ్యండీ ఇది. అదే కిటుకు. మాత్ర చుట్టూ లివర్ పేస్ట్ పెట్టి, గోలీలా చేసి, బ్రెడ్డు పక్కన పెడతాను. కాఫీ పట్టుకొచ్చేసరికి ప్లేటు ఖాళీ. ఇప్పటిదాకా ఒక్క రోజు కూడా తప్పలేదు."

"మనుషులు పరగడుపున వేసుకోవాలనుకుంటానే."

"గోలీ అంత ముద్దకి కడుపు నిండుతుందా డాక్టర్ గారూ?"

వన్నెస్ ఆవలింత సగంలోనే ఆగిపోయింది. "మాత్ర కాఫీలో కలుపుతున్నావనుకున్నాను" అన్నాడు మెల్లగా.

"కాఫీలోనా? చేదెక్కిపోదూ?"

మత్తు వదిలిన బొల్లెకె కళ్లు తెరిచింది. వన్నెస్‌ని గుర్తుపట్టి, ఆశగా మూతి నాక్కుంది. అతను దానివైపు చూడలేక స్వెట్టర్ చేతులు కిందకి లాక్కున్నాడు.

"లివర్ అంటే చిన్నప్పట్నుంచీ నాకు కడుపులో తిప్పుతుంది సాస్కియా. కొత్త పెళ్లాం ముద్దగా చుట్టి పెడుతోంది, వద్దంటే చిన్నబుచ్చుకుంటావని... నువ్వు కాఫీకి అటు తిరగ్గానే రోజూ బల్ల కిందకి అందిస్తున్నాను."