కొరికిన రేకు

పెరట్లో చీమలబారు పొద్దుటినుంచీ తమ పుట్టకేసి నడుస్తూనే ఉంది. తల దించుకుని ముందు చీమ వాసన పట్టుకు పోవడం వాటి ఆచారం. ఎండకు అలసినవి కూలిపోతున్నాయి.

"పెద్దమ్మా, ఈ మందారరేకును ఇందాక కూడా దాటాం! గుండ్రంగా తిరుగుతున్నాం! ఇలాగైతే చస్తాం!" అని అరిచింది చురక అనే కుర్రచీమ.

"రేకులన్నీ ఒకలాగే ఉంటాయే. నడు," అంది ముందు నడుస్తున్న ముసలి పెద్దమ్మ.

"గుడ్డినడకకు గమ్యం లేదు! మేలుకోండి!"

"మొదలెట్టిందమ్మా ఉపన్యాసం," అని బారంతా నవ్వింది.

చురకకు ఒళ్ళు మండింది. నినాదాలు మానేసి రేకు అంచును కసిగా కొరికింది. కాసేపటికి ఆ గాటే మళ్ళీ ఎదురొచ్చింది.

"ఇప్పుడు చెప్పు పెద్దమ్మా, ఇది ఎవరి గాటు?"

పెద్దమ్మ ఆగింది. వాసన వదిలేసి, తల పైకెత్తి, ఆ రేకును తొలిసారి చూసినట్టు చూసింది. దాని వెనకే, జానెడు దూరంలో, తమ పుట్ట!

"ఓసి నీ నోట్లో చక్కెర పొయ్య!"