గోదారి ఈదిన మాస్టారు

బ్యాండు మాస్టారు శ్యామ్ సుందర్‌గారి జీవితం మీద తీసిన సినిమా రాజోలు హాల్లో అప్పుడే అయిపోయింది. తెర మీది కుర్రాడు క్లారినెట్టు నెత్తిన పెట్టుకుని, మనసిచ్చిన పిల్ల కోసం వరదగోదారి ఈదేశాడు. అది చూసి మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

“నాకసలు ఈతొచ్చా, క్రిస్టీనా? నిన్ను చూడ్డానికి బస్సులో వచ్చేను. ఇదంతా అబద్ధమని నలుగురిలో చెప్పేస్తాను,” అంటూ భార్యతో బయటికొచ్చేరు.

వరండాలో ఆడపిల్లలు ఆవిడని చుట్టుముట్టేరు. “మీకోసం నిజంగా గోదారి ఈదేరాండీ?”

మాస్టారు నోరు తెరిచేలోపే క్రిస్టీనాగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని, “ఆయ్! తడిసిన చొక్కా నేనే పిండేనండి,” అన్నారు.

నలభయ్యేళ్ల కాపురంలో ఆవిడ ముఖం అలా వెలగడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

“నిజమేనా మాస్టారూ?”

“ఆయ్,” అన్నారాయన ఛాతీ విరిచి. “రెండుసార్లు ఈదేనండి!”