ఎడమకు లాగే కారు

"బయటికి రాప్పా ప్రేమానందం! నీ పనితనం నువ్వే వచ్చి సూడు!"

రేణిగుంట రోడ్డులోని మెకానిక్ షెడ్డు ముందు కారు ఇంకా పూర్తిగా ఆగనేలేదు, చెంగయ్య కేక లోపలికి వినిపించింది. లారీ కింద పడుకుని పని చేస్తున్న ప్రేమానందం గ్రీజు చేతులతోనే బయటికి వచ్చాడు.

అది చెంగయ్య సొంతంగా కట్టుకున్న కారు. లారీలకు బాడీలు కట్టడం ఆయన వృత్తి. పాత హెరాల్డు కారు ఛాసిస్ ఒకటి సంపాదించి, ఇంజను విప్పి బిగించి, రేకు తనే వంచి, తనే అతికి, చిలకపచ్చ రంగు పూశాడు. కొత్తగా దిగిన మారుతి పక్కన ఆపినా జనం దీన్నే చూసేవారు. ముందు స్ప్రింగులు, చక్రాల అలైన్‌మెంటు మాత్రం తన వల్ల కాక, సోమవారం ప్రేమానందం దగ్గర సరిచేయించుకున్నాడు.

"ఏమైందన్నా?"

"ఏమైందా? స్టీరింగు కొంచెం వదిలితే సాలు, ఎడమకు లాగతా ఉండాది. ఇప్పుడే అలిపిరి కాడ కొండకు పొయ్యేవాళ్ళ మీదికి పోబోయింది. గోవిందా గోవిందా అనేవాళ్ళు నన్ను బూతులు తిడతా పక్కకు దుమికినారు. ఇదేనా నువ్వు సేసిన పని?"

"సోమవారం నువ్వే తోలి సూసినావు కదన్నా. గీత గీసినట్టు పోతా ఉండాదని నువ్వే అంటివి."

"ఆ పొద్దు పోయింది. ఈ పొద్దు పోలా!"

ముందు సీట్లో కూర్చున్న చెంగయ్య భార్య సిద్ధమ్మ తల బయటికి పెట్టింది. "ఇదో, నా మాట..."

"నువ్వుండు. ఇదేమన్నా పులుసు కాసే పనా?" అన్నాడు చెంగయ్య అటు చూడకుండానే.

ప్రేమానందం జాకీ తెచ్చి కారు ముందు భాగం ఎత్తాడు. కిందికి దూరి, కాసేపటికి బయటికి వచ్చాడు.

"అన్నా, రెండు చక్రాలనూ కలిపే కడ్డీ వంగిపోయుండాది. ఎడమ చక్రం డిస్కు కూడా నొక్కుకుపోయుండాది. కారు దేనికో గట్టిగా తగిలుండాది. యాడ గుద్దినావు?"

"నేనా? గుద్దినానా?" చెంగయ్య మెడ నరాలు ఉబ్బాయి. "మంగళవారం నుంచి నిన్న సాయంత్రం దాకా నేను నగరిలో మా సెల్లెలి ఇంట్లో ఉంటి. కారు ఇంటికాడే ఉన్నింది. ఈ పొద్దే బయటికి తీసినా. నిలబడిన కారు దేన్ని గుద్దుతాదప్పా? గోడే లేసొచ్చి గుద్దిందా?"

"అదంతా నాకు తెలీదన్నా. వంగిన కడ్డీ మాత్రం కండ్లకు కనపడతా ఉండాది."

చెంగయ్య ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత వేలు చూపించాడు.

"ఓహో! ఇప్పుడు తెలిసింది. నా మంచి కడ్డీ పెరికి దాసిపెట్టుకోని, ఎవుడిదో వంకర కడ్డీ నాకు బిగించినావు!"

గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న ప్రేమానందం ఆగిపోయాడు. "ఏమన్నావన్నా? నేను దొంగనా?"

"కాకపోతే ఏమనాల?"

పక్క టైర్ల షాపు మునస్వామి వచ్చాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు నలుగురు నిలబడ్డారు. చెంగయ్య వాళ్ళ వైపు తిరిగి, "వినండప్పా! మంచి సామాను పెరుక్కోని పాతది తగిలించే షెడ్డు ఇది. లారీ ఓనర్లందరికీ సెప్తా. రేపట్నుంచి ఈ గడప ఎవురూ తొక్కరు!" అని అరిచాడు.

రిపేరుకు పెట్టిన లారీ డ్రైవరు ఒకసారి తన బండి వైపు, ఒకసారి ప్రేమానందం వైపు చూశాడు. ఆ చూపుకు ప్రేమానందం ముఖం నల్లబడింది. చేతిలోని గుడ్డ నేలకేసి కొట్టాడు.

"ఒక్క నట్టు కూడా ఎవురిదీ ఎత్తుకున్నోణ్ణి కాదన్నా నేను. పద, మా చర్చికి పోదాం. బైబిలు మీద సెయ్యేసి సెప్తా. నువ్వూ నీ కొండకొచ్చి సామి ముందర సెప్పు, నేను గుద్దలేదని!"

"సెప్తా! నాకేం బయ్యం? పదా!"

కారు తలుపు దభాలున మూసుకుంది. రేకులు గలగలమన్నాయి. సిద్ధమ్మ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఎవురూ ఏ దేవుడి కాడికీ పోయే పన్లేదు. ప్రేమానందం తప్పేమీ లేదు. ఆ కడ్డీ వంచింది నేను."

"నీకు తిక్క పట్టిందా?" అన్నాడు చెంగయ్య. "కారు సంగతి నీకేం తెలుసు?"

"తెలీదా? నువ్వు ఈ కారు కట్టినన్నాళ్ళూ లోపల కూర్చోని, నువ్వు తొక్కమంటే బ్రేకు తొక్కింది, మార్చమంటే గేరు మార్చింది ఎవురు? పొద్దున్నించీ సెప్పాలనే సూస్తా ఉండా. నువ్వుండు నువ్వుండు అని నా నోరు మూస్తివి. మంచోణ్ణి దొంగను సేస్తివి."

ఆమె ప్రేమానందం వైపు తిరిగింది.

"బుధవారం మజ్జాన్నం మా పక్కింటి గంగులమ్మ కోడలికి కాన్పు నొప్పులెక్కువైనాయి నాయనా. ఒక్క ఆటో ఆగలా. ఆ పిల్లనూ గంగులమ్మనూ ఎనక సీట్లో ఎక్కించుకోని నేనే ఆస్పత్రికి తోలుకోని పోతిని. ఆడ గేటు కాడి రాయికి తగిలించేసినా."

చెంగయ్య వంగి ఎడమ చక్రం చూశాడు. "గేటు కాడ అంత పెద్ద రాయుంటే కంటికి ఆనలేదా?"

"ఆనకేం, దూరం నుంచే సూసినా," అంది సిద్ధమ్మ. "సరిగ్గా అప్పుడే ఎనక సీట్లో పసిబిడ్డ కేరుమనింది. ఆడబిడ్డో మొగబిడ్డో అని ఎనిక్కి తిరిగి సూసినా!"