రెండు గంపల కానాగంతలు

ప్రశ్న లేనివాడు తనంతట తాను ఏమి చదవగలడు? గణేశ్వరరావు జంగ్లీఘాట్ చేపల రేవులో అటూ ఇటూ తిరుగుతూ తనను తానే అడుగుకుంటున్నాడు. కంప్యూటరుతో జన్యువులను పోల్చే సొంతంగా చదువుకునే కోర్సుకు అతను పెట్టిన ప్రతిపాదనను, “ఇందులో నీ ప్రశ్న ఏది?” అంటూ ప్రొఫెసర్ తిప్పి ఇచ్చాడు. సాయంత్రంతో గడువు సరి.

తల్లి గురమ్మ కానాగంత చేపలను రెండు గంపల్లోకి ఏరుతోంది.

“అన్నీ ఒకే జాతి కదమ్మా, పుస్తకంలోనూ అంతే.”

“నీ పుస్తకం ఎప్పుడైనా సేపలు ఎండబెట్టిందేటి? ఇయ్యి నూనె కారతాయి, అయ్యి కారవు.”

“ఎందుకలాగ?”

“అరే, సదివినోడివి నువ్వు. నన్నడుగుతావేటి?”

పుట్టినప్పటినుంచీ చూస్తున్న గంపలే, ఎన్నడూ అడగలేదు. అతను ప్రతిపాదన మీది పాత శీర్షిక కొట్టివేసి, “ఇవి నిజంగా ఒకే జాతేనా?” అని రాశాడు. గంపకొక చేపను మంచులో పెట్టుకుని కాలేజీకి ఆటో ఎక్కాడు.