సీటు కింద పోగు

ఆ పొద్దు మబ్బులను పడమటి గాలి తరుముతోంది. గడియారంతో పోటీపడి ఒంటరిగా తొక్కే టైమ్ ట్రయల్ పందేలకని తానే గీసి చేయించిన కార్బన్ సైకిల్‌కు తెన్మొళి ఉన్ని పోగులు అంటిస్తోంది.

"క్యారియర్ లేదు, స్టాండు లేదు. మన గొర్రెల బొచ్చు మాత్రం కావాల్నా? దిష్టికా?" వెక్కిరించాడు తండ్రి కాటప్ప.

"గాలి సాఫీగా జారితే పోగులు అణిగుంటాయి నాయనా. ఎగిరితే ఆడ నా డిజైన్ తప్పు. తొక్కేటప్పుడు నాకు కనబడవు, నువ్వే చూడాల."

"ఒక్కటెగిరినా ఈ పిచ్చి మానేసి హోసూరు కంపెనీ పనికి పోతావా?"

"పోతా."

పాపారపట్టి రోడ్డు మీద ఆమె వంగి తొక్కింది. కాటప్ప పక్కనే మోపెడ్ నడిపాడు. పోగులన్నీ అణిగాయి, సీటు కింద ఒకటి తప్ప. అతను కోరుకున్నదీ అదే. అయినా దాన్నే చూస్తూ "పడుకోవే, పడుకో" అని గొణుగుతున్నట్టు కాసేపటికి గానీ అతనికే తెలియలేదు.

"ఎగిరిందా?" దిగి అడిగింది.

"సీటు కింద ఒకటి. నీ మాదిరే, చెప్పిన మాట వినదు. సరిచేసుకో పో, మళ్లా వచ్చి చూస్తా."

"మరి హోసూరు?"

"అది యాడికీ పోదులే."

ఇంటికొచ్చాక స్టాండు లేని ఆ సైకిల్‌ను కాటప్పే గోడకు ఆనించాడు. తర్వాత ఇద్దరూ రాగి సంకటి తిన్నారు.